3060 12జీబీనా, 4060 8జీబీనా? అన్నదమ్ముల గొడవ, మీరే తేల్చండి

తెనాలి_కుర్రోడు
మా ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, వాడేది ఇద్దరం. నాకు గేమ్స్, బీటెక్ ప్రాజెక్టు. మా అన్నయ్యకి పెళ్లి వీడియోల ఎడిటింగ్. ఇప్పుడున్న గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, దాని మీది మెమరీ 4జీబీ. అన్నయ్య కొత్త కెమెరా కొన్నప్పటి నుంచి 4కే ఫుటేజ్ టైమ్‌లైన్‌లో వేస్తే తాళి కట్టే షాట్ స్లైడ్ షోలా ఆగి ఆగి నడుస్తోంది. నాన్న 28 వేలు ఇస్తానన్నారు, పైసా ఎక్కువ ఇవ్వరు. షాపులో ఆర్‌టీఎక్స్ 4060 8జీబీ సరిగ్గా 28 వేలు చెప్పారు, ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ 24 వేలు. నాకు 4060 కావాలి. అన్నయ్య మాత్రం "12 పెద్దదా, 8 పెద్దదా?" అని ఒకటే ప్రశ్న. ఎవరు కరెక్ట్?

ఎఫ్‌పీఎస్_పిచ్చోడు
4060. ఆలోచించే పనే లేదు. 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, 4060 2023 జూన్‌లో. కొత్త తరం, తక్కువ కరెంటు, పైగా ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కార్డే కొత్త ఫ్రేములు పుట్టించడం). 24 వేలు పెట్టి పాత తరం కొంటారా ఎవరైనా?

రెండర్_రాంబాబు
నేను కొన్నాను. 12జీబీ. హాయిగా ఉన్నాను.

ఎఫ్‌పీఎస్_పిచ్చోడు
మీరు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇళ్లు కట్టుకుంటారు అన్నా, అతను గేమ్స్ ఆడతానంటున్నాడు.

రెండర్_రాంబాబు
"నాకు గేమ్స్, అన్నయ్యకి ఎడిటింగ్" అని రాశాడు. సగమే చదివావు.

నంబర్ల_నాయుడు
కొట్టుకోకండి, ముందు లెక్క చూద్దాం.

లెక్కలు చేసే క్యూడా (CUDA) కోర్లు 3060లో 3584, 4060లో 3072. అంటే కొత్త దాంట్లో తగ్గాయి. కానీ బూస్ట్ స్పీడు 3060కి 1777 మెగాహెర్ట్జ్, 4060కి 2460. కోర్లని స్పీడుతో గుణించి చూడండి, 4060 దాదాపు 19 శాతం ముందుంటుంది. ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి ఆడితే గేముల్లో కూడా ఇంచుమించు అంతే తేడా వస్తుంది. ఒకదాంట్లో కాస్త ఎక్కువ, ఒకదాంట్లో కాస్త తక్కువ.

మెమరీ దగ్గర కథ తిరగబడుతుంది. 3060ది 192 బిట్ బస్ (మెమరీకి వెళ్లే దారి వెడల్పు), సెకనుకు 360 జీబీ. 4060ది 128 బిట్, 272 జీబీ. మరి దారి ఇంత ఇరుకైతే ముందెలా ఉందంటారా? చిప్ లోపలి ఎల్2 క్యాష్ 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు. వంటింటి భాషలో చెప్పాలంటే ఎల్2 అంటే పొయ్యి పక్కన పోపుల పెట్టె. కార్డు మీది మెమరీ స్టోర్ రూమ్. 4060లో పోపుల పెట్టె పెద్దది, స్టోర్ రూమ్ చిన్నది, దాని తలుపు కూడా చిన్నదే. మామూలు వంటకి పోపుల పెట్టె చాలు, స్టోర్ రూమ్‌కి పదిసార్లు తిరగక్కర్లేదు. అందుకే ఇరుకు తలుపు తెలియదు. కానీ సరుకు స్టోర్ రూమ్‌లోనే పట్టకపోతే? వీధి చివర కిరాణా కొట్టుకి పరిగెత్తాలి. ఆ కొట్టు మీ సిస్టమ్ ర్యామ్. అప్పుడు పొయ్యి ఎంత మంటగా ఉన్నా వంట ఆగుతుంది.

కాబట్టి 12 పెద్దదా 8 పెద్దదా అనేది ప్రశ్న కాదు. మీరు చేసే పనికి 8 దాటుతుందా లేదా, అది ప్రశ్న.

ఎఫ్‌పీఎస్_పిచ్చోడు
పోపుల పెట్టె! ఎన్విడియా వాళ్లు కూడా ఇంత బాగా చెప్పలేదు.

గుంటూరు_కారంగేమర్
నాది 4060. ఏడాది నుంచి 1080పీలో ఆడుతున్నా. ఒకట్రెండు కొత్త గేముల్లో టెక్స్చర్లు (గోడలు, బట్టల మీది వివరాలు) అల్ట్రా పెడితే అక్కడక్కడా కుదుపులు వచ్చాయి. హైకి దించాను, పోయాయి. నిజం చెప్పాలంటే ఆడేటప్పుడు ఆ తేడా నా కంటికి కనపడలేదు. 8జీబీ అంటే చచ్చిపోయినట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువమంది ఆ కార్డు వాడనివాళ్లే.

రెండర్_రాంబాబు
ఇవాళ ఒక మెట్టు దించావు. రెండేళ్ల తర్వాత ఇంకో మెట్టు. మెట్లు అయిపోయాక?

గుంటూరు_కారంగేమర్
అప్పటికి మీ 3060కి కూడా మెట్లు అయిపోతాయి అన్నా. మెమరీ మిగిలినా దమ్ము మిగలాలి కదా.

నంబర్ల_నాయుడు
ఈ మాటకి మాత్రం కారంగేమర్‌కి ఒక మార్కు.

డల్లాస్_డబ్బా
ఇక్కడ విడుదలైనప్పుడు 3060 ధర 329 డాలర్లు, 4060 ధర 299. అంటే పేరుకి కొత్తది 30 డాలర్లు చవక. మరి ఇండియాలో పాతదే 4 వేలు తక్కువకి దొరుకుతోందంటే ఆశ్చర్యంగా లేదు, స్టాకు కరిగించుకుంటున్నారు.

కోడ్_కాకినాడ
బాబాయ్, సంక్రాంతికి వస్తే ఒక కార్డు తెండి.

డల్లాస్_డబ్బా
ఇప్పటికే సూట్‌కేసులో 2 ఐఫోన్లు, అత్తగారి విటమిన్ మాత్రలు. గ్రాఫిక్స్ కార్డుకి చోటు లేదమ్మా. అయినా ఇక్కడ కొన్నదానికి అక్కడ వారంటీ ఇవ్వకపోతే తిరిగి నేనే మోసుకురావాలి.

సీటీసీ_బ్యాచ్_2009
సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీ మెట్లు అరిగిపోయేదాకా తిరిగినవాణ్ని, అనుభవంతో అడుగుతున్నా. తమ్ముడూ, నీ ప్రాసెసర్ ఏంటి, మదర్‌బోర్డు ఏంటి, పవర్ సప్లై ఏంటి, మానిటర్ ఎంత హెర్ట్జ్? ఇవి చెప్పకుండా కార్డు అడగడం అంటే పాదం కొలత చెప్పకుండా చెప్పులు అడగడమే.

తెనాలి_కుర్రోడు
ఐ3 10100ఎఫ్, హెచ్410 బోర్డు, 8జీబీ ర్యామ్ ఒకటే స్టిక్. పవర్ సప్లై క్యాబినెట్‌తో పాటే వచ్చింది, 450 వాట్లు అని స్టిక్కర్ ఉంది. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్.

సీటీసీ_బ్యాచ్_2009
అనుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కటి విను.

పవర్ సప్లై. స్టిక్కర్ మీద 450 అని ఎవరైనా అచ్చు వేస్తారు. నీ 1050 టీఐ 75 వాట్ల కార్డు, చాలావాటికి వేరే పవర్ కేబులే అక్కర్లేదు, స్లాట్ నుంచే తాగుతుంది. అందుకే ఇన్నాళ్లు ఆ డబ్బా బండారం బయటపడలేదు. 3060 అయినా 4060 అయినా 8 పిన్ కేబుల్ కావాలి, రెండింటికీ కంపెనీ చెప్పేది 550 వాట్లే. నీ సప్లైకి ఆ కేబుల్ ఉందో లేదో ముందు క్యాబినెట్ విప్పి చూడు. లేదంటే షాపువాడు "కన్వర్టర్ ఇస్తాను, 100 రూపాయలు" అంటాడు. ఆ 100 రూపాయల కన్వర్టర్ మా బావమరిది కంప్యూటర్‌లో ప్లాస్టిక్ కాలిన వాసన పుట్టించింది. కార్డు బతికింది, బోర్డు పోయింది.

మానిటర్. 60 హెర్ట్జ్ తెర మీద సెకనుకు 60 ఫ్రేములకి మించి చూపించలేవు. ఫ్రేమ్ జనరేషన్ అనేది 60ని 100 చేయడానికి పనికొచ్చే వస్తువు. నీకు ఆ 100 చూడటానికి తెరే లేదు. పోనీ 30ని 60 చేద్దామంటే చేతికి బరువుగా తగులుతుంది, మౌస్ తిప్పాక బొమ్మ ఆలస్యంగా తిరుగుతుంది. అంటే 4060లో అందరూ గొప్పగా చెప్పే ఫీచర్ నీ ఇంట్లో అలంకారం.

స్లాట్. బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు 4060కి 8 మాత్రమే. 3060కి 16. కొత్త బోర్డులో జెన్ 4 (నాలుగో తరం) స్లాట్ ఉంటే 8 లేన్లు చాలు. నీ హెచ్410 జెన్ 3. అంటే నాయుడుగారి కిరాణా కొట్టుకి వెళ్లే రోడ్డు 3060కి సెకనుకు సుమారు 16 జీబీ, 4060కి 8.

ఎఫ్‌పీఎస్_పిచ్చోడు
జెన్ 3లో 4060 పెడితే పోయేది చాలా గేముల్లో చాలా కొద్ది శాతం. దాన్ని భూతంలా చూపించకండి.

నంబర్ల_నాయుడు
సరుకు స్టోర్ రూమ్‌లో పట్టినంతవరకు నువ్వన్నది నిజం. కొట్టుకి వెళ్లే పనే లేనప్పుడు రోడ్డు ఎలా ఉంటే ఏంటి. 8జీబీ దాటిన రోజున మాత్రం చిన్న స్టోర్ రూమ్, ఇరుకు రోడ్డు రెండూ ఒకేసారి తగులుతాయి. పైగా ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే దానికీ కొంత మెమరీ కావాలి.

ఎర్రజెండా
ఇంతసేపట్లో ఎన్విడియాకి పోటీ కంపెనీ ఏఎండీ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ: 12జీబీ, 192 బిట్, పోపుల పెట్టె లాంటి ఇన్ఫినిటీ క్యాష్ 96 ఎంబీ. మామూలు గేముల్లో ఈ రెండింటి కన్నా ముందుంటుంది. అంతా ఎన్విడియా ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు.

కోడ్_కాకినాడ
ఆయన బీటెక్ ప్రాజెక్టు అన్నాడు కామ్రేడ్. సీనియర్లు ఇచ్చే కోడ్ మొత్తం ఎన్విడియా వాళ్ల క్యూడా (CUDA) మీద రాసి ఉంటుంది. ఏఎండీ మీద అది నడిపించేసరికి సెమిస్టర్ అయిపోతుంది. విండోస్‌లో అయితే మరీ.

ఎర్రజెండా
ఒప్పుకుంటున్నా. గేమ్స్ మాత్రమే అయితే చెప్పండి, వస్తా. అన్నట్టు ఏఎండీ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఆర్ 3 ఫ్రేమ్ జనరేషన్ 3060 మీద కూడా నడుస్తుంది. ఎన్విడియా తన పాత కస్టమర్లకి ఇవ్వనిది ఏఎండీ ఇచ్చింది. రాసి పెట్టుకోండి.

తెనాలి_కుర్రోడు
ప్రాజెక్టులో లాంగ్వేజ్ మోడల్ ఒకటి మా కంప్యూటర్‌లోనే నడపాలి. తెలుగు ప్రశ్నలకి జవాబులు చెప్పే చాట్‌బాట్. దానికి ఏది మంచిది?

కోడ్_కాకినాడ
అయితే నేను మీ అన్నయ్య పార్టీ. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్‌కి కుదిస్తే 4 జీబీ చిల్లర, రెండు కార్డుల్లోనూ పడుతుంది. 1300 కోట్లది అదే పద్ధతిలో 7, 8 జీబీ. సంభాషణ గుర్తుపెట్టుకోవడానికి ఇంకొంత, విండోస్ తినేది కొంత. 8జీబీ కార్డులో అయితే మోడల్‌లో కొంత భాగం సిస్టమ్ ర్యామ్‌లోకి పోతుంది, జవాబు అక్షరం అక్షరం కక్కుతుంది. నీకు ర్యామ్ కూడా 8 జీబీయేనన్నావు, ఇక చెప్పేదేముంది. 12లో మొత్తం కార్డులోనే కూర్చుంటుంది. ఈ పనిలో లెక్కలకన్నా మెమరీ నుంచి చదివే వేగమే ఎక్కువ ముఖ్యం, అందులోనూ 360 జీబీ ఉన్న 3060దే పైచేయి.

ఇంకో మాట, తెలుగు అక్షరాలని చాలా మోడళ్లు ముక్కలు ముక్కలుగా కోస్తాయి. ఆ ముక్కలే టోకెన్లు. ఇంగ్లీషులో 10 టోకెన్లు పట్టే వాక్యానికి మనకి దానికి ఎన్నో రెట్లు పడుతుంది. అంటే మనవాళ్లకి మెమరీ ఇంకాస్త ఎక్కువే కావాలి. భాష మీద పన్ను అనుకో.

గుంటూరు_కారంగేమర్
4060 తరఫున నేను ఒక్కణ్ణే మిగిలేలా ఉన్నాను. కరెంటు సంగతి చెప్పనా? 3060కి 170 వాట్లు, 4060కి 115. 55 తేడా. రోజుకి 5 గంటలు ఫుల్ లోడ్ అనుకుంటే నెలకి 8 యూనిట్లు, ఏడాదికి 100. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 800 రూపాయలు. అంతకన్నా ముఖ్యం, మా ఊళ్లో వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. 4060 పెట్టాక నా చిన్న యూపీఎస్ గేమ్ సేవ్ చేసుకునేంత టైమ్ ఇస్తోంది. అంతకుముందున్న కార్డుతో అయితే కీ మని అరిచి పడిపోయేది.

రెండర్_రాంబాబు
యూపీఎస్ పాయింటు ఒప్పుకుంటా. మా ఇంట్లో రెండర్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కరెంటు పోయి, వచ్చి, కంప్యూటర్ ఆరిపోయి ఉండేది.

ఎఫ్‌పీఎస్_పిచ్చోడు
ఏవీ1 (వీడియోని కుదించే కొత్త ఫార్మాట్) ఎన్‌కోడింగ్ కూడా 4060కే ఉంది. 3060 ఏవీ1 చూపించగలదు, తయారుచేయలేదు. వీడియో ఎడిటర్‌కి ఇది ముఖ్యం కదా?

పెళ్లికెమెరా_ప్రసాద్
ఎడిటర్‌గా చెప్తున్నా: కాదు. పెళ్లివారు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ఇంట్లో ఉన్న టీవీకి పెడతారు. అది ఏ కాలం టీవీనో ఎవరికి తెలుసు. ఏవీ1 ఫైల్ ఇస్తే బొమ్మ రాదు, అర్ధరాత్రి పెళ్లికూతురి మావయ్య ఫోన్ చేస్తాడు. నేను ఇచ్చేది ఇప్పటికీ పాత ఫార్మాట్ హెచ్.264.

అసలు ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. తమ్ముడూ, మీ అన్నయ్య కెమెరాలో సెట్టింగ్ ఏం పెట్టుకుని తీస్తున్నాడు? 10 బిట్ 4:2:2 అని ఉందా, 4:2:0 అని ఉందా? రంగుల వివరం ఎంత దాచుకోవాలో చెప్పేది అదే, 4:2:2లో ఎక్కువ.

తెనాలి_కుర్రోడు
అడిగాను. "హెచ్.265, 4:2:2 10 బిట్, అన్నిటికన్నా పైన ఉన్నదే పెట్టాను, క్వాలిటీలో కాంప్రమైజ్ అవ్వను" అన్నాడు.

పెళ్లికెమెరా_ప్రసాద్
అదీ జబ్బు. 4:2:2 ఫుటేజ్‌ని నేరుగా విప్పే హార్డ్‌వేర్ 3060లో లేదు, 4060లోనూ లేదు. ఏది కొన్నా ఆ పని మీ ఐ3 మీదే పడుతుంది. నాలుగు కోర్లు, చెమటలు కక్కుతుంది. నేనూ ఇలాగే మోసపోయా. కొత్త కార్డు పెట్టి, టైమ్‌లైన్ జరిపి చూస్తే పాత కథే. షాపుకి వెళ్లి గొడవపడ్డాను కూడా. తప్పు వాళ్లది కాదని తర్వాత తెలిసింది.

హెచ్.265 4:2:2ని విప్పేది ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపల వచ్చే గ్రాఫిక్స్. మీది 10వ తరం, పైగా పేరు చివర ఎఫ్, అంటే లోపల గ్రాఫిక్సే లేదు. ఇప్పుడు మీకు దారులు రెండు. ఉన్న ఫుటేజ్‌కి ప్రాక్సీలు చేసుకోండి. చిన్న సైజు నకళ్ల మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేయడం. డిస్క్ చోటు తింటుంది, కానీ పని హాయిగా సాగుతుంది. ఇకమీద తీసేవి 4:2:0 10 బిట్‌లో తీయమనండి. దాన్ని రెండు కార్డులూ విప్పుతాయి. మండపంలో పసుపు రంగు పెళ్లి గుడ్డల మీద ఆ తేడా కనిపెట్టే పెళ్లివారిని నేను 15 ఏళ్లలో చూడలేదు.

నంబర్ల_నాయుడు
ఇన్ని పోస్టుల లెక్క నేను వేస్తే, అసలు రోగం ప్రసాద్‌గారు ఒక్క ప్రశ్నతో పట్టారు.

రెండర్_రాంబాబు
మరి 12జీబీ ఎడిటింగ్‌కి దండగేనా?

పెళ్లికెమెరా_ప్రసాద్
దండగ కాదు. 4కే మీద నాయిస్ (వెలుతురు తక్కువైతే వచ్చే చుక్కలు) తగ్గించడం, రెండు మూడు లేయర్ల కలర్ గ్రేడింగ్ వేస్తే మెమరీ బాగా తింటుంది. రాత్రి పెళ్లిళ్లలో లైటు సరిగ్గా ఉండదు, నాయిస్ తీయని వీడియో ఉండదు. అక్కడ 8 ఇరుకవుతుంది. కానీ ఆ ఆగి ఆగి నడవడం మాత్రం మెమరీ వల్ల కాదు.

బిల్లులేని_బంగారం
సెకండ్ హ్యాండ్ 3060 16 వేలకే దొరుకుతోంది కదా, 12 వేలు మిగులుతాయి.

సీటీసీ_బ్యాచ్_2009
నీ పేరే సమాధానం చెప్తోంది. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం క్రిప్టో నాణేలు సంపాదించే మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు పరిగెత్తిన కార్డులన్నీ కడిగి, తుడిచి, బజార్లోకి వచ్చాయి. అన్నీ చెడిపోయినవని అనను. నేనూ ఒకటి కొన్నాను, నడుస్తోంది. కానీ బిల్లు లేకుండా కొనకు. ఎదురుగా పెట్టి అరగంట గేమ్ నడిపించి చూడు. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి మెమరీ 12288 ఎంబీ, బస్ 192 బిట్ ఉందో లేదో చూసుకో. పాత కార్డుకి కొత్త పేరు రాసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు.

కొత్తది కొన్నా ఇది చూసుకో తమ్ముడూ. 3060 పేరుతోనే 8జీబీ వెర్షన్ ఒకటి ఉంది, 128 బిట్, 240 జీబీ. పేరు ఒకటే, సరుకు వేరు, గేముల్లో బాగా వెనకబడుతుంది. డబ్బా మీద 12జీబీ అని చదివాకే డబ్బులు తీయి.

తెనాలి_అన్నయ్య
ఇది మా తమ్ముడు పెట్టిన చర్చ అని ఇవాళే తెలిసింది. ఇంటి గుట్టు మొత్తం రట్టు చేశాడు. ప్రసాద్‌గారూ, 4:2:0లో పెట్టి మేడ మీద రెండు క్లిప్పులు తీసి చూశాను. పాత 1050 టీఐ మీద కూడా ఆగకుండా నడిచాయి. ఆర్నెల్ల నుంచి కళ్లు పోగొట్టుకున్నాను సార్.

పెళ్లికెమెరా_ప్రసాద్
అయితే కార్డే అక్కర్లేదేమో!

తెనాలి_కుర్రోడు
సార్, ఆ మాట నాన్న చెవిన పడితే 28 వేలూ పోతాయి. దయచేసి ఎడిట్ చేయండి.

పెళ్లికెమెరా_ప్రసాద్
సరే, కార్డు కావాలి. నాయిస్ తీయడానికి చాలా అవసరం. నాన్నగారికి ఈ పోస్టు చూపించు.

ఎఫ్‌పీఎస్_పిచ్చోడు
నేను 4060 అన్నది వెనక్కి తీసుకోను. మంచి బోర్డు, 144 హెర్ట్జ్ తెర ఉండి, గేమ్స్ ఒక్కటే అయితే ఇప్పటికీ అదే. ఈ ఇంటికి మాత్రం 3060. పైగా మిగిలే 4 వేలకి పవర్ సప్లై వస్తుంది.

తెనాలి_కుర్రోడు
మూడు వారాల తర్వాత అప్‌డేట్. 3060 12జీబీ కొత్తది, 24 వేలు. 550 వాట్ల పవర్ సప్లై 4 వేలు. పాత సప్లై విప్పి చూస్తే 8 పిన్ కేబుల్ లేనే లేదు, చేతిలో పట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉంది. ఇంకో 8జీబీ ర్యామ్ స్టిక్ అన్నయ్య తన డబ్బుతో వేశాడు. జీపీయూ-జెడ్‌లో 192 బిట్ చూసుకున్నాకే షాపు దిగాం. చాట్‌బాట్ పెద్ద మోడల్‌తో నడుస్తోంది, తెలుగు కాస్త గ్రాంథికంగా మాట్లాడుతోంది కానీ నడుస్తోంది. గేములు 60 ఫ్రేముల దగ్గర లాక్ చేసి ఆడుతున్నా.

ఆడుతున్నా అంటే, ఆడాలి. వరసగా ముహూర్తాలు. అన్నయ్య పొద్దున రెండర్ పెడితే రాత్రికి లేస్తున్నాడు. కార్డు వచ్చాక నేను కుర్చీలో కూర్చున్నది మొత్తం నాలుగు గంటలు.

రెండర్_రాంబాబు
ఆషాఢం దాకా ఓపిక పట్టు తమ్ముడూ. ముహూర్తాలుండవు, 12జీబీ మొత్తం నీదే.